గట్టు మీద ఒక్క అక్షరం

"ఏరేటర్లు ఆగిపోయాయిరా, త్వరగా రా" అని మామయ్య పిలిచేసరికి తెల్లవారుజాము నాలుగు. భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లలో ఆక్సిజన్ అడుగంటేది ఆ వేళకే; నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలే ఏరేటర్లు. మామయ్య స్టార్టర్లు చేత్తో నొక్కి నడిపిస్తున్నారు.

వాటిని నడిపించాల్సిన నా కంట్రోలర్ బోర్డు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కొత్త కంపైలర్‌దే తప్పనుకుని, పాతదానితో ప్రోగ్రామ్ మళ్లీ తయారుచేసి చూశాను. అదే మొండితనం.

చివరికి ప్రోగ్రామ్‌లోని పేర్ల జాబితా చూపే ఎన్ఎమ్ (nm) నడిపితే, టైమర్ పిలిచినప్పుడు పనిచేయాల్సిన నా ఫంక్షన్, టైమర్ హ్యాండ్లర్, పేరు పక్కన 'టి' ఉండాల్సిన చోట 'డబ్ల్యూ' కనిపించింది. వీక్ సింబల్, అంటే బలమైనది వస్తే పక్కకు తప్పుకునే నిర్వచనం! నా ఫంక్షన్ అసలు లోపలికి రానేలేదు.

నిన్న ఆ ఫంక్షన్ ఉన్న ఫైలును స్టాటిక్ లైబ్రరీలోకి, అంటే కావలసినవి మాత్రమే బయటికి తీసుకునే ఫైళ్ల మూటలోకి, మార్చాను. బోర్డు మొదలవగానే నడిచే స్టార్టప్ ఫైలులో అదే పేరుతో వీక్ నిర్వచనం ఉంది, అంతులేని లూపు. పేరు దొరికింది కదా అని, ముక్కలన్నీ కలిపి ఒక్క ప్రోగ్రామ్ చేసే లింకర్ ఆ లైబ్రరీ తలుపు తట్టలేదు. బలమైన నిర్వచనమే గెలుస్తుందన్న మాట నిజమే, కానీ అది లింకులోకి వచ్చాకే. ఒక్క హెచ్చరికైనా లేదు, అదే నా బాధ.

నా ఫంక్షన్ ఉన్న ఆబ్జెక్ట్ ఫైలును (కంపైలర్ తయారుచేసిన ముక్క) లైబ్రరీలో పెట్టకుండా నేరుగా లింకర్‌కు ఇచ్చాను. ఈసారి చక్రాలు వాటంతట అవే తిరిగాయి. నురగ మీద వెలుతురు పడేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.