మావయ్య ఎంపీకి పోటీ చేస్తే లెక్కలు నేను రాశాను

2024 ఉగాది నాడు, పచ్చడి గిన్నె ఇంకా చేతిలో ఉండగానే మావయ్య అన్నాడు: "అమ్మలూ, ఈసారి ఎంపీకి వేస్తున్నా. కాగితాలన్నీ నువ్వే చూసుకోవాలి."

నేను చేసేది టాక్స్ కన్సల్టెన్సీ. జీఎస్టీ రిటర్నులు, ఐటీ ఫైలింగులు, అప్పుడప్పుడూ ఓ నోటీసుకి జవాబు. ఎన్నికల కాగితం ముక్క ఎప్పుడూ ముట్టుకోలేదు. మావయ్యది మా ఊళ్లో మిర్చి కమిషన్ కొట్టు. అంతకుముందు ఎరువులు, మధ్యలో కొన్నాళ్లు పత్తి. ఏ పార్టీలోనూ లేడు. పార్టీ టికెట్ ఎవరిస్తారని అడిగితే, "రాయపాటి సాంబశివరావు గారు పొగాకు వ్యాపారం చేసుకుంటూ వెళ్లలేదా?" అన్నాడు. నిజమే, 1982లో రాజ్యసభకు, తర్వాత గుంటూరు నుంచి నాలుగుసార్లు, 2014లో నరసరావుపేట నుంచి లోక్‌సభకు వెళ్లారాయన. కానీ ఆయన పార్టీ టికెట్ మీద వెళ్లారు. మావయ్యకి ఆ తేడా చెప్పినా వినే మూడ్‌లో లేడు. ఇండిపెండెంట్‌గానే ఖాయం చేసుకున్నాడు.

మన దగ్గర నోటిఫికేషన్ ఏప్రిల్ 18న. నామినేషన్లకు 25 ఆఖరు, అదీ రోజూ పదకొండు నుంచి మూడింటిదాకానే. మధ్యలో ఆదివారం పోతుంది. లోక్‌సభకు డిపాజిట్ 25 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకైతే సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి. పదిమందేగా అనుకున్నాం. ఒక్కొక్కరి ఓటరు లిస్టు పార్టు నంబరు, వరుస నంబరు సరిపోవాలి. ఒకాయనకి లిస్టు మారినప్పుడు నంబరు మారిపోయింది, ఆయన జేబులో ఉన్నది పాత స్లిప్పు. ఇంకొకామె వేలిముద్ర వేస్తుంది. సంతకమైతే ఇంట్లో పెట్టించుకురావచ్చు, వేలిముద్ర మాత్రం అధికారి ఎదుటే పడాలి. మిరప కల్లంలో పనిచేసే ఆవిడకి ఆ రోజు కూలి పోతుందని మావయ్య బాధ. ఇద్దామా అంటే, అది కూడా ఎన్నికల ఖర్చులో రాయాలా అని నా టెన్షన్.

అసలు కథ మాత్రం ఫారం 26 దగ్గర మొదలైంది.

అది అఫిడవిట్. అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ప్రమాణం చేసి చెప్పే కాగితం. 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వబట్టి ఇదంతా వచ్చింది. దాఖలు చేసిన వెంటనే నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. నలభై ఏళ్లుగా మావయ్య రిటర్నులు వేస్తున్నాడు, అందులో చివరి పదేళ్లు నా చేతిమీదుగానే. ఆయన గురించి నాకు తెలియనిదేముందిలే అనుకుని కూర్చున్నాను.

చదువు కాలమ్ దగ్గరే ఆగిపోయాం. "ఏం రాయమంటావు, బీకామేగా?" అన్నాను. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "పదో తరగతి రాయి. 1981," అన్నాడు. ఇంటర్ తప్పాక తాతయ్య ఎరువుల కొట్లో కూర్చోబెట్టేశాడట. వంటింట్లోంచి అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "శుభలేఖలో బీకాం అని వేయించారుగా!" అంది. ఆ పూట ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. అబద్ధపు అఫిడవిట్ ఇస్తే ఆరు నెలలదాకా జైలు ఉందని చట్టంలో రాశారు గానీ, నిజం రాస్తే ఇంట్లో ఏమవుతుందో రాయలేదు.

తర్వాత అత్తయ్య బంగారం. బరువుతో సహా రాయాలి. కాసులపేరు, గాజులు తీసుకెళ్లి తూకం వేయించాం. "ఊరందరికీ తెలిసిపోతుంది కదమ్మా," అని ఒకటే గొణుగుడు. గిన్నెలు, మంచాలు కూడా రాయాలా అని అడిగింది. వాటి సంగతి మా లాయరు గారు తేల్చారు. సరిగ్గా ఆ ఉగాది నాడే, ఏప్రిల్ 9న, అరుణాచల్ ప్రదేశ్ ఎమ్మెల్యే ఒకరి కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట: బట్టలు, చెప్పులు, పింగాణీ సామాన్లు, ఫర్నిచర్ లాంటివి ప్రతిదీ ప్రకటించనక్కర్లేదు, వాటి విలువే పెద్ద ఆస్తి అనేంత ఉంటే తప్ప. అత్తయ్య మంచాలు బతికిపోయాయి.

"ఇతరుల నుంచి రావాల్సిన అప్పులు" అనే కాలమ్ దగ్గర మావయ్య లేచి లోపలికెళ్లాడు. బీరువాలోంచి ఓ ఎర్రగుడ్డ మూట తెచ్చాడు. విప్పితే రెవెన్యూ స్టాంపులు అంటించిన ప్రామిసరీ నోట్లు, పదకొండు. కొట్టు లెక్కల్లో రైతులకిచ్చే అడ్వాన్సులు వేరే ఉంటాయి, అవి నాకు తెలుసు. ఇవి చేతిమీదుగా ఇచ్చినవి. ఒకటి పిల్ల పెళ్లికి, ఒకటి బోరుకి, ఒకటి ఆపరేషన్‌కి. వెనకవైపు పెన్సిల్‌తో ఎప్పుడెప్పుడు ఎంత ముట్టిందో చిన్నచిన్న అంకెలు. కొన్నిటికి మూడేళ్లు దాటి కాలదోషం పట్టింది. ఒకాయన అసలు లేనే లేడు. అన్నీ కలిపితే నాలుగు లక్షల అరవై వేలు.

"ఇవి రాయొద్దులే అమ్మలూ. వాళ్ల పేర్లు తీసుకెళ్లి కలెక్టరాఫీసు గోడకి అంటిస్తామా?"

"కాగితం నీ చేతిలో ఉన్నంతకాలం రాయాల్సిందే మావయ్యా."

"అయితే చింపేస్తా. ఎవరి నోటు వాళ్ల చేతిలో పెట్టేస్తా. బాకీ లేదు, రాయక్కర్లేదు."

మాటవరసకి అనలేదు. ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాడు. లాయరు గారికి చెబితే ఆయన ఒక్క గెంతు గెంతారు. మార్చి 16 నుంచే ఎన్నికల కోడ్ అమల్లో ఉంది. పోటీలో ఉండి ఓటర్ల అప్పు మాఫీ చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద లంచం అంటారు, గెలిచినా ఎన్నిక పోతుందని చెప్పారు. మావయ్యకి నమ్మకం కుదరలేదు. "నా డబ్బు నేను వదులుకుంటే లంచమా?" అని రెండు రోజులు అదే పాట. చివరికి ఎన్నికల సంఘం సైట్‌లో ఇతర అభ్యర్థుల అఫిడవిట్లు తిరగేశాం. చేబదుళ్లని పేర్లు లేకుండా ఒకే మొత్తంగా చూపినవి కనపడ్డాయి. మేమూ అలాగే రాశాం. మూట మళ్లీ బీరువాలోకి వెళ్లింది.

ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి, అదీ నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు తెరవాలి. మేం వెళ్లిన బ్రాంచిలో ఒకరోజు సర్వర్ లేదన్నారు, మర్నాడు ఫోటో సరిగా లేదన్నారు. 23న అకౌంట్ నంబరు చేతికొచ్చింది. 24న కలెక్టరేట్. లోపలికి అభ్యర్థి కాక నలుగురే. నేను, లాయరు గారు, వేలిముద్ర ఆవిడ, మావయ్య స్నేహితుడు. డిపాజిట్‌కి చెక్కు పనికిరాదు, నగదే కట్టాం. మావయ్య లేచి నిలబడి ప్రమాణం చదివాడు. యార్డులో వందమంది మధ్య కేక వేసి రేటు చెప్పే మనిషి, ఆ నాలుగు వాక్యాలకి గొంతు తడబడ్డాడు.

హమ్మయ్య అనుకునేలోపు చెక్‌లిస్టు ఇచ్చారు. అఫిడవిట్‌లో ఒక గడి ఖాళీ. సోషల్ మీడియా ఖాతాలు. మావయ్యకి లేవు కాబట్టి నేను వదిలేశాను. ఖాళీ వదలకూడదు, "లేవు" అనో "వర్తించదు" అనో రాయాలి. 2013లో సుప్రీంకోర్టు చెప్పినదే అది. గుర్తుచేశాక కూడా నింపకపోతే నామినేషన్ తిరస్కరిస్తారు. ఐటీ రిటర్నుల్లో ఖాళీ గడి కనపడితే క్లయింట్‌ని తిట్టేదాన్ని నేనే. మళ్లీ మొత్తం ప్రింటు, మళ్లీ నోటరీ, 25న మళ్లీ కలెక్టరేట్. 26న పరిశీలనలో ఆమోదించారన్నాక గానీ నాకు అన్నం సయించలేదు.

ప్రచారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒక జీపు, రెండు ఆటోలు, మే నెల ఎండ. నా పని రిజిస్టరు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి పరిమితి 95 లక్షలు. మా ఖర్చు ఆరు లక్షలు దాటలేదు. అయినా ప్రచారంలో మూడుసార్లు తనిఖీ తప్పదు. మొత్తం ఎన్నికలో ఒక మనిషికి పదివేలకు మించి నగదు ఇవ్వకూడదు. ఆటో అబ్బాయికి బ్యాంకు అకౌంట్ వాళ్లావిడ పేరున ఉంది, దానికో ఉత్తరం. ఒక మీటింగులో మేం పాతిక కుర్చీలని రాశాం, ఎన్నికల అధికారుల వీడియో టీము చూసినదాన్ని బట్టి మా ఖర్చుని వాళ్లు విడిగా రాసుకునే షాడో రిజిస్టర్‌లో నలభై ఉన్నాయి. పక్క హోటలు కుర్చీలు కూడా జనం లాక్కుని కూర్చున్నారు మరి. జిల్లా రేటు చార్టు ప్రకారం ఆ పదిహేను కుర్చీల అద్దె మా లెక్కలో కలిపారు. మావయ్య పొంగిపోయాడు. "చూశావా, మనం అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారని గవర్నమెంటే రాసిచ్చింది!"

జూన్ 4న లెక్క తేలింది. మూడు వేల చిల్లర ఓట్లు. నోటాకి మాకంటే ఎక్కువ. పోలై చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్ తిరిగిరాదు, మేం ఆ దరిదాపుల్లో కూడా లేం. ఓడిపోయినా ఖర్చుల లెక్క ముప్పై రోజుల్లో ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హుడిగా ప్రకటించవచ్చు. "ఇంక ఎవరు పోటీ చేస్తారులే," అంది అత్తయ్య. మావయ్య మాత్రం, "లెక్క ఎగ్గొట్టాడని అనిపించుకోను," అన్నాడు. జులై 2న ఇచ్చి రసీదు తీసుకున్నాం.

ఆ సాయంత్రం కొట్టుకి రమ్మన్నాడు. గల్లాపెట్టె మీద ఎర్రగుడ్డ మూట ఉంది.

"ఇప్పుడు కోడ్ లేదుగా?"

"లేదు."

"నేను అభ్యర్థిని కూడా కాదుగా?"

"కాదు మావయ్యా."

కళ్లజోడు పెట్టుకుని ఒక్కో నోటూ తిప్పి, వెనక పెన్సిల్ అంకెలు చదువుకుంటూ తొమ్మిది ఒకవైపు పెట్టాడు. రెండు మళ్లీ గుడ్డలో చుట్టాడు.

"ఇవి?" అన్నాను.

"వీళ్లిద్దరూ ఇవ్వగలరు. కాలదోషం గీలదోషం వాళ్లకి చెప్పకు."