విండోస్ ఎక్కించబోతే డిస్కే కనిపించలేదు: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకి నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కింది. డిస్కు మొత్తం చెరిపేసి, మొదట్నుంచీ. గంటన్నరలో అయిపోవాల్సిన పనికి రెండు రోజులు పట్టింది. అందులో ఒకటిన్నర రోజు ఒకే ఒక్క తెర దగ్గర గడిచింది. ఆ తెర చూసి ఎస్‌ఎస్‌డి (డేటా దాచే డిస్కు) పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు. వాళ్లకోసమే ఇది.

ముందు బ్యాకప్. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివి వేరు: మెయిళ్లుండే అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే యాప్‌డేటా ఫోల్డరు. ట్యాలీ వాడేవాళ్లయితే డేటా ఫోల్డరు కాపీ చేసుకున్నాక లైసెన్సు సరెండర్ చేసి, ఆ తర్వాతే చెరపండి. ఇంకొకటి, బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ. 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో మనం ఆన్ చేయకుండానే ఆ తాళం (ఎన్‌క్రిప్షన్) ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగుల్లో) ఏదైనా మారిస్తే ఆ కీ అడగొచ్చు. మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి.

పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేశాను, అందులో ముందున్నదంతా పోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టమని చెప్పే బూట్ మెనూకి డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

డిస్కు ఎంచుకునే తెర వచ్చింది. జాబితా ఖాళీ. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ (డిస్కుని విండోస్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) ఇవ్వమని ఒక వాక్యం. పెన్‌డ్రైవ్ ఇంకో పోర్టులో పెట్టి చూశాను. మళ్లీ తయారు చేశాను. వేరే కంపెనీ పెన్‌డ్రైవ్ తెచ్చాను. అదే ఖాళీ జాబితా. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్లు కొట్టే నల్ల తెర వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్, ఆ తర్వాత లిస్ట్ డిస్క్ కొడితే పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపించింది.

దగ్గర్లోని సర్వీసు షాపుకి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గరున్నతను అర నిమిషం చూసి, "ఎస్‌ఎస్‌డి డెడ్ సార్, మార్చాలి" అన్నాడు. "బయోస్‌లో పేరూ, 512 జీబీ అనీ కనిపిస్తోంది కదండీ, చచ్చిపోతే అదెలా కనిపిస్తుంది?" అన్నాను. "అంత తెలిస్తే మీరే చేసుకోండి సార్, ఇక్కడిదాకా ఎందుకు వచ్చారు?" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. ఇంకేం మాట్లాడకుండా ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేశాను.

అసలు సంగతి ఇది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచీ వచ్చిన చాలా ల్యాప్‌టాపుల్లో వీఎండీ అనే స్టోరేజ్ కంట్రోలరు ఆన్‌లో ఉంటుంది. ఎన్‌వీఎంఈ రకం (ఇప్పటి ల్యాప్‌టాపుల్లో మామూలుగా ఉండేది) ఎస్‌ఎస్‌డి దాని వెనక ఉంటుంది. విండోస్‌తో వచ్చే మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌కి వీఎండీ వెనక ఉన్నది కనపడదు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ (ఆర్ఎస్‌టీ) డ్రైవర్ ఉంటేనే కనపడుతుంది. కంపెనీ వేసిచ్చిన విండోస్‌లో అది ముందే ఉంటుంది కాబట్టి అన్నాళ్లూ మనకి తెలీదు. మనం తయారు చేసుకున్న పెన్‌డ్రైవ్‌లో అది ఉండకపోవచ్చు. కాబట్టి బయోస్‌లో ఎస్‌ఎస్‌డి పేరు, సైజు కనిపిస్తుంటే కొత్తది కొనే ముందు ఆగండి, ముందు వీఎండీ సంగతి చూడండి. బయోస్‌లోనే లేకపోతే అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి.

దారులు రెండు. ఒకటి, బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేయడం. కొన్ని ఏసర్ మోడళ్లలో ఆ ఆప్షన్ దాగి ఉంటుంది, మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ నొక్కితే బయటికొస్తుంది. కొన్ని హెచ్‌పీల్లో అసలు ఇవ్వనే లేదు. ఆఫ్ చేసి విండోస్ ఎక్కించారంటే ఇక దాన్ని అలాగే వదిలేయండి, తర్వాత ఆన్ చేస్తే బ్లూ స్క్రీన్ వచ్చే ప్రమాదం ఉంది.

రెండోది డ్రైవర్ ఇవ్వడం. నా బయోస్‌లో మొదటి దారి లేదు కాబట్టి ఇదే పట్టాను. తప్పు కూడా ఇక్కడే చేశాను. డౌన్‌లోడ్ చేసిన సెటప్ ఫైలు ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇన్‌స్టాలర్‌కి అది పనికిరాదు, దానికి డ్రైవర్ వివరాలుండే ఐఎన్ఎఫ్ ఫైలు కావాలి. ఇంకో కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సెటప్‌ఆర్ఎస్‌టీ ఫైలు పేరు తర్వాత హైఫన్ పెట్టి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని, దాని తర్వాత ఒక ఫోల్డర్ పేరు ఇస్తే లోపలున్నవన్నీ బయటపడతాయి. అందులో వీఎండీ అనే ఫోల్డరుంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఖాళీ జాబితా వచ్చిన తెర మీద లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించాలి. పేరు చివర వీడీ అని ఉన్న ఐఎన్ఎఫ్ కావాలి, ఏసీ అని ఉన్నది వేరే పనికి. జాబితాలో ఆర్ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ పక్కన ఒక నంబరుంటుంది: 11వ తరానికి 9ఏ0బీ, 12వ తరానికి 467ఎఫ్. మీ ప్రాసెసర్‌ది ఎంచుకోండి. డ్రైవర్ సాధ్యమైనంతవరకూ మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ నుంచే తీసుకోండి.

నెక్స్ట్ నొక్కాను. నాలుగైదు సెకన్లకి 476 జీబీ డిస్కు తెర మీదికొచ్చింది. 512 అని అమ్మినది విండోస్ లెక్కలో 476 అవుతుంది, కంగారు పడక్కర్లేదు.

చెరపడం దగ్గర మాత్రం తొందరపడొద్దు. డిస్క్‌పార్ట్‌లో సెలెక్ట్ డిస్క్ అని నంబరిచ్చి క్లీన్ కొడితే, "నిజంగానేనా" అని అడగదు, అదే క్షణంలో ఆ డిస్కులోని పార్టిషన్లన్నీ (సీ, డీ లాంటి భాగాలన్నీ) పోతాయి. సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోండి. తర్వాత ఇన్‌స్టాలర్ తెరలో ఖాళీ జాగాని ఎంచుకుని నెక్స్ట్ కొడితే చాలు, విండోస్‌కి కావాల్సిన చిన్న చిన్న పార్టిషన్లన్నీ అదే చేసుకుంటుంది. అమ్మేసే మెషీన్ అయితే క్లీన్ సరిపోదు, అది పార్టిషన్ల పట్టికనే తుడుస్తుంది, ఫైళ్లు మళ్లీ తీయొచ్చు. పాత హార్డ్‌డిస్కుకైతే క్లీన్ ఆల్ కొట్టండి, ప్రతి సెక్టారులోనూ సున్నాలు రాస్తుంది, కొన్ని గంటలు పడుతుంది. ఎస్‌ఎస్‌డికి బయోస్‌లో సెక్యూర్ ఎరేజ్ ఉంటే అది వాడండి.

ప్రొడక్ట్ కీ అడిగితే లేదని చెప్పండి. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కి కీ బయోస్ చిప్‌లోనే ఉంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. డబ్బు పెట్టి కొన్న హోమ్ లైసెన్సు మెషీన్‌లో ఉండగానే దొంగ ప్రో ఎడిషన్ ఎక్కించి, లైసెన్సు లేకుండా నడిపే క్రాక్ వేసి, ఆ క్రాక్ కోసం యాంటీవైరస్ ఆపేసి పంపే షాపులున్నాయి. బ్యాంకు లావాదేవీలు చేసుకునే మెషీన్‌కి అంత పని చేయడం ద్రోహం.

నెట్ దగ్గర వైఫై కనపడకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఆండ్రాయిడ్ అయితే వేరే డ్రైవర్ అడగదు. తర్వాత విండోస్ అప్‌డేట్, ఆపైన డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులేమైనా మిగిలాయా అని ఒకసారి చూడండి.

చివరగా తెలుగు. లాంగ్వేజ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చి, ఇన్‌స్క్రిప్టో ఫొనెటిక్కో మీకు అలవాటైన కీబోర్డు పెట్టుకోండి. నా పాత వర్డ్ ఫైళ్లన్నీ గౌతమి ఫాంట్‌లోవి. విండోస్ 10 నుంచీ ఆ ఫాంటు విడి ఫీచర్ అయిపోయింది కాబట్టి వేరే అక్షరాల్లో తెరుచుకుని, పేజీలు అటూ ఇటూ జరిగిపోయాయి. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేశాక అన్నీ యథాస్థానానికి వచ్చాయి.