చన్నీళ్ళు కలపని ఊరు

"అక్కా, టవల్ కూడా వాళ్ళే ఇస్తారు, నువ్వు ఊరికే వచ్చెయ్" అని మా చెల్లెలు అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. టోక్యోలో నిషి-కసాయ్ అని మనవాళ్ళు బాగా ఉండే పేటలో తన ఇల్లు. నవంబరు చివర్లో పదిరోజులు సెలవు పెట్టి వెళ్ళాను. నాలుగో రోజు పిల్లాణ్ణి మరిదిగారికి అప్పజెప్పి ఇద్దరం వేణ్ణీళ్ళ ఊటల స్నానాలకి పేరుపడ్డ కుసత్సు అనే ఊరికి బయల్దేరాం.

నేను రాజమండ్రిలో పుట్టి పెరిగినదాన్ని. ఊరందరి మధ్యా స్నానం అంటే నాకు తెలిసింది ఒక్కటే. కొంగు నడుముకి బిగించి, ముక్కు మూసుకుని, గోదాట్లో మూడు మునకలు. ఒంటి మీద బట్ట తడవాలే తప్ప జారకూడదు. ఇక్కడ దానికి పూర్తిగా తిరగేసి అని చెల్లెలు రైల్లో తాపీగా చెప్పింది. నూలుపోగు ఉండకూడదట. "ఆడవాళ్ళే కదా" అంటుంది పైగా. ఆడవాళ్ళైతే మాత్రం!

ఉయెనో స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు రెండున్నర గంటలు. దిగాక కొండ మీదికి బస్సు, ఇంకో అరగంట. గున్మా జిల్లాలో సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది ఊరు. బస్సు తలుపు తెరుచుకోగానే చలికంటే ముందు వాసన తగిలింది. దీపావళి మర్నాడు పొద్దున్నే వీధి తలుపు తీస్తే వస్తుందే, కాలిన గంధకం వాసన, అచ్చం అదే. దానికి కొంచెం కుళ్ళిన గుడ్డు కలిపినట్టు.

మన ఊళ్ళల్లో నాలుగురోడ్ల కూడలిలో గాంధీ బొమ్మ ఉండే చోట వాళ్ళకి ఊట ఉంది. యుబతాకె అంటారు, వేణ్ణీళ్ళ పొలం అని అర్థం. నిమిషానికి దాదాపు 4,000 లీటర్ల నీళ్ళు పొగలు కక్కుతూ పైకొచ్చి, బారుగా పేర్చిన చెక్క దోనెల్లోంచి పారి, చివర చిన్న జలపాతంలా కిందికి దూకుతాయి. అడుగున రాళ్ళు నిమ్మపచ్చ రంగు. దోనెల్లో పేరుకున్న గంధకాన్ని గీకి, ఆరబెట్టి, పొడి చేసి పొట్లాలు కట్టి అమ్ముతారు. పేరు యునొహానా, వేణ్ణీళ్ళ పువ్వు. పేరు చూసి మురిసిపోయి రెండు పొట్లాలు కొన్నాను. వాటి సంగతి తర్వాత.

ఆ దోనెల అసలు పని గంధకం పట్టడం ఒక్కటే కాదు, నీళ్ళు చల్లార్చడం కూడా. ఊటలో నీళ్ళు 50 డిగ్రీలు దాటి ఉంటాయి, ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. మనమైతే ఏం చేస్తాం? చెంబుడు చన్నీళ్ళు పోస్తాం. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు అని సామెత కూడా చేసి పెట్టుకున్నాం. కుసత్సులో ఆ మాటే పనికిరాదు. చన్నీళ్ళు కలిపితే నీళ్ళ గుణం పోతుందని వాళ్ళ పట్టుదల. అందుకని ఊట పక్కనే ఒక పెద్ద చెక్క హాల్లో ఆడవాళ్ళు తొట్టి చుట్టూ నిలబడి, మనిషంత పొడుగు చెక్కపలకలు నీళ్ళల్లో దించి, పాట పాడుతూ అటూ ఇటూ తిప్పి తిప్పి వేడి దించుతారు. దాన్ని యుమొమి అంటారు. ఇప్పుడది టికెట్టు పెట్టి చూపించే ప్రదర్శన అయింది గానీ, ఒకప్పుడు స్నానానికొచ్చిన రోగులే ఈ పని చేసుకుని, 48 డిగ్రీల నీళ్ళల్లో మూడు నిమిషాలు లెక్కపెట్టుకుని కూర్చునేవారట.

నాకు చూడగానే మా అమ్మ కాఫీ గుర్తొచ్చింది. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగబోసి చల్లారుస్తుంది తప్ప చుక్క నీళ్ళు పోయదు. "పోస్తే కాఫీ అవుతుందిటే?" అంటుంది. సరిగ్గా అదే లెక్క! చివర్లో చూడవచ్చినవాళ్ళని కూడా రమ్మన్నారు. పలక తడిసి బరువెక్కి ఉంది. పది తిప్పులకే నడుం పట్టేసింది, నీళ్ళు పక్కావిడ మొహాన చిమ్మాను. ఆవిడే నాకు సారీ చెప్పింది.

ఇక తప్పించుకోలేని ఘట్టం. ఊట పక్కనే షిరహతా-నొ-యు అని ఊరివాళ్ళ స్నానశాల ఉంది. అందరికీ ఉచితం. 1193లో మినమోతొ నొ యొరితొమొ అనే సేనాని వేటకొచ్చి ఈ ఊట కనిపెట్టాడని స్థలపురాణం. చెక్క గది, రెండు తొట్లు, బట్టలు పెట్టుకోడానికి అరలు. సబ్బు, షవరు లాంటివేమీ లేవు.

"నువ్వు నా వైపు చూడకు" అన్నాను.

"నీ వైపు చూడ్డానికేముందే, చిన్నప్పుడు ఒకే గంగాళంలో కూర్చోబెట్టి పోసేది అమ్మ" అంది.

లోపల ఆవిరిలో ముగ్గురు నలుగురు ముసలివాళ్ళు. ఒక్కరు తల తిప్పితే ఒట్టు. అయిదు నిమిషాలు బట్టలు విప్పడానికి తటపటాయించిన నేను, పదో సెకనుకి సిగ్గు సంగతే మర్చిపోయాను. కారణం జ్ఞానోదయం కాదు, మంట. తొట్టి ఒడ్డున కూర్చుని చెక్క బకెట్‌తో కాళ్ళ మీద పోసుకోగానే మడమల పగుళ్ళు భగ్గుమన్నాయి. ఇక్కడి నీళ్ళు నిమ్మరసంతో పోటీపడేంత పులుపు, పీహెచ్ రెండు చిల్లర. పగుళ్ళ మీద నిమ్మకాయ పిండితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను గబుక్కున కాలు లోపల పెట్టబోతే ఒక బామ్మగారు చెయ్యి అడ్డుపెట్టి, ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, భుజాలు, ఆ తర్వాత తల మీద అని సైగలతో చూపించింది. ఆవిడ చెప్పినట్టే ఓ పాతిక బకెట్లు పోసుకున్నాక గానీ తక్కువ వేడి ఉన్న తొట్టిలో కూడా దిగలేకపోయాను. దిగాక కదలకూడదు. కదిలితే నీళ్ళు కొత్తగా కరుస్తాయి. కదలకుండా ఉంటే ఒంటి చుట్టూ ఒక పల్చటి పొర కట్టినట్టై వేడి ఓర్చుకోగలిగినంతకి వస్తుంది. అలా మెడ వరకూ మునిగి, పైకప్పు సందుల్లోంచి పోతున్న ఆవిరి చూస్తూ, మూడు నిమిషాలు. నాలుగోది పట్టలేదు.

బయటికొచ్చి తుడుచుకుంటుంటే చెల్లెలు నా కాళ్ళకేసి చూసి నోరు నొక్కుకుంది. మట్టెలు నల్లగా, బొగ్గులా అయిపోయాయి. గంధకానికి వెండి పడదని పదేళ్ళుగా ఈ దేశంలో ఉన్న మనిషికి తెలుసు. తను ఎప్పుడో తీసి దాచుకుంది. "చెప్పడం మర్చిపోయానక్కా" అంటుంది. మా అత్తగారు పెట్టిన మట్టెలవి.

బసలో తిండి గురించి పెద్దగా రాయడానికేం లేదు. మాంసం, చేపలు వద్దని ముందే చెప్పినా వాళ్ళ సూప్‌కి ఆధారమే ఎండుచేప రసం. అన్నం, టోఫు, ఊరవేసిన ముల్లంగి, మేం పట్టుకెళ్ళిన పులిహోర.

మర్నాడు పొద్దున ఊరంతా తిరిగాం. బండాయ్ అని ఇంకో ఊట ఉంది, అక్కడి నీళ్ళు 95 డిగ్రీల దాకా మరుగుతాయి. వాటిలోనూ చన్నీళ్ళు కలపరు. వేణ్ణీళ్ళు ఒక గొట్టంలో, మంచినీళ్ళు ఇంకో గొట్టంలో, మధ్యన లోహపు గోడ. వేడి మాత్రం ఇటు నుంచి అటు దాటుతుంది. అలా కాగిన మంచినీళ్ళు ఇళ్ళ కుళాయిలకి వెళ్తాయి, ఆ వేడితోనే రోడ్ల మీద మంచు కరిగిస్తారు. ఊరి కింద నదిదీ వేరే కథ. ఈ పులుపుకి ఒకప్పుడు అందులో చేపన్నది బతికేది కాదు, వంతెనల కాంక్రీటు కూడా తినేసేది. 1964 నుంచి రాత్రీ పగలూ నదిలోకి సున్నపు నీళ్ళు వదులుతున్నారు. తెల్లటి ధార నీళ్ళల్లో పడటం కళ్ళారా చూశాను. తాంబూలానికి రాసుకున్నట్టు ఒక నదికి సున్నం!

ఇంకోటి రాయకపోతే నాకు నిద్రపట్టదు. చర్మవ్యాధులకి మంచిదన్న పేరుతో కుష్ఠురోగులు చాలామంది ఈ ఊరికొచ్చి, యునొసావా అనే పేటలో ఉండేవారు. 1932లో ప్రభుత్వం శానిటోరియం పెట్టి మెల్లగా వాళ్ళని అక్కడికి చేర్చింది. అందులోనే 1938 నుంచి 1947 వరకూ ఒక జైలు లాంటిది నడిపారు. ఎదురు తిరిగిన రోగులు 93 మందిని అందులో పెడితే 23 మంది చనిపోయారు. ఈ కొండ మీద చలికాలంలో, వేడి లేని గదుల్లో. ఊరు నిండా వేణ్ణీళ్ళు పారుతుండగా. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. మా బస్సుకి టైమ్ లేక వెళ్ళలేకపోయాం, వెళ్ళాల్సింది.

రాజమండ్రి వచ్చాక మట్టెలు కంసాలికిచ్చాను. "ఎక్కడ ముంచారమ్మా వీటిని?" అని రెండుసార్లు అడిగాడు.

పొట్లాల్లో ఒకటి అమ్మకిచ్చాను. మోకాళ్ళ నొప్పులు కదా. ఇత్తడి బిందెలో వెయ్యొద్దు, ప్లాస్టిక్ బకెట్లోనే కలుపుకో అని మరీ మరీ చెప్పాను. విప్పి వాసన చూసి "ఏవిటే, గుడ్లు ఉడకబెట్టారా ఇందులో" అని ముక్కు మూసుకుంది. వాడదనుకున్నాను. రెండు రోజుల తర్వాత వెళ్తే "బాగానే ఉందే, ఒళ్ళు తేలికపడింది" అంది.

"వేడిగా పోసుకున్నావా?"

"కాస్త వేడెక్కువైంది. రెండు చెంబులు చన్నీళ్ళు కలిపేశా."