డెబియన్‌లో రెండు యూఎస్‌బీ సౌండ్ కార్డులు, ఒక ఒగ్గు కథ: నా అనుభవం

హన్మకొండలో ఒగ్గు కథలు రికార్డు చేయడానికి ఒక పాత డెస్క్‌టాప్ సిద్ధం చేశాను. మదర్‌బోర్డు మీది సౌండ్ పోర్టు పోయింది కాబట్టి యూఎస్‌బీనే దిక్కు. కథకుడి గొంతుకు ఒక యూఎస్‌బీ మైకు. ఇయర్‌ఫోన్‌కూ, డోలు దగ్గర పెట్టే కాలర్ మైకుకూ చౌరస్తాలో దొరికే చిన్న డాంగిల్, అంటే యూఎస్‌బీలో గుచ్చే బుల్లి సౌండ్ కార్డు. సిస్టమ్ లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్ 12, గ్నోమ్ డెస్క్‌టాప్.

డ్రైవర్ వెతుక్కునే పని లేదు. యూఎస్‌బీ ఆడియో క్లాస్ ప్రమాణం పాటించే పరికరాలను లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం)లో ఉన్న ఒకే మాడ్యూల్ నడిపేస్తుంది. శబ్దం రాకపోతే చాలామంది సెట్టింగ్స్‌లో కనబడిందల్లా నొక్కుతారు, ఆ తర్వాత ప్యాకేజీలన్నీ పీకి మళ్లీ ఎక్కిస్తారు. దానితో ఒరిగేది తక్కువ. కింది నుంచి పైకి రావాలి: ముందు కెర్నెల్, తర్వాత సౌండ్ కార్డులతో మాట్లాడే ఆల్సా, చివర ప్రోగ్రాములన్నిటికీ కార్డులను పంచే పైప్‌వైర్.

టెర్మినల్‌లో యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టినప్పుడు పరికరం పేరే రాకపోతే తప్పు కేబుల్‌దో, పోర్టుదో, పరికరానిదో. పేరు వస్తే, కెర్నెల్ తన సమాచారం చూపే ప్రోక్ కింద ఉండే ఎసౌండ్ ఫోల్డర్‌లో దాని కార్డు ఫోల్డర్ తెరిచి స్ట్రీమ్0 ఫైలు చదవండి. పరికరానికి ఏం చేతనవుతుందో అందులో రాసి ఉంటుంది. నా మైకుకు ఒకటే చానెల్, 16 బిట్, రేట్లు (సెకనుకు తీసే శాంపిళ్లు) 44100, 48000. దీన్ని ఆల్సా రికార్డింగ్ కమాండ్ ఏరికార్డ్‌లో హెచ్‌డబ్ల్యూ పేరుతో, అంటే మధ్యలో ఏ మార్పూ లేకుండా నేరుగా, స్టీరియో అడిగితే చానెళ్ల లెక్క కుదరదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మైకు చెడిపోయిందని అక్కడే పక్కన పడేసేవాళ్లున్నారు. ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అని అడిగితే ఆల్సాయే మార్చి ఇస్తుంది. పరీక్షకు మాత్రం నేను హెచ్‌డబ్ల్యూనే వాడతాను, అది ఏదీ దాచదు. రేటు 48000 పెట్టుకోండి, పైప్‌వైర్ మామూలుగా నడిచేది దాని మీదే.

పరికరం బిజీగా ఉందని వస్తే పైప్‌వైర్ దాన్ని పట్టుకుని ఉందని అర్థం. గ్నోమ్ సౌండ్ సెట్టింగ్స్ తెరిచి ఉన్నా చాలు, లెవెల్ చూపించడానికి అది మైకును వాడుతూనే ఉంటుంది. దాన్ని మూసి కొన్ని సెకన్లు ఆగితే వదిలేస్తుంది. అప్పటికీ వదలకపోతే పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగుల ప్రోగ్రాంలో ఆ కార్డు ప్రొఫైల్‌ను ఆఫ్ చేయాలి.

అసలు కిరికిరి కార్డు నంబర్లతో. ఇవాళ 1 అయిన మైకు రేపు బూట్ అయ్యేసరికి 2 కావచ్చు. పైప్‌వైర్ ఈ నంబర్లను పట్టించుకోదు కానీ స్క్రిప్టులో ఏరికార్డ్ నడిపితే ఒకరోజు డోలు ఫైల్లో గొంతు పడుతుంది. నంబర్ మానేసి పేరు రాయడం మేలు. ఒకే రకం డాంగిళ్లు రెండుంటే పేర్లూ తారుమారవుతాయి కాబట్టి, ఎట్‌సీ కింద యూడెవ్ (పరికరం పెట్టగానే దానికి మన నియమాలు వర్తింపజేసేది) రూల్స్ ఫోల్డర్‌లో 85తో మొదలయ్యే ఫైలు పెట్టి, ఫలానా పోర్టులో ఉన్న కార్డుకు ఫలానా పేరు అని రాశాను. పోర్టును పోల్చే చోట సమానం గుర్తు రెండుసార్లు, పేరు పెట్టే చోట ఒక్కసారే రావాలి. పేరు 15 అక్షరాలు దాటకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇక పోర్టు మార్చకూడదు. సీపీయూ వెనక పోర్టుల పక్కన మార్కర్‌తో గుర్తు పెట్టేశాను.

పేరు నిలబడితే ఇంకో లాభం ఉంది. ఆల్సాసీటీఎల్ స్టోర్ అనే కమాండ్‌తో దాచిన మిక్సర్ సెట్టింగులు కార్డు పేరు మీదే ఉంటాయి. నాకు వాటిలో ముఖ్యమైనది ఆటో గెయిన్ కంట్రోల్, అంటే శబ్దం తగ్గితే లెవెల్ తనే పెంచి, పెరిగితే తగ్గించే ఏర్పాటు. చవక డాంగిళ్లలో ఇది ఆన్‌లోనే వస్తుంది. కథకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఫ్యాన్ చప్పుడు పైకి లేస్తుంది. డోలు మీద దెబ్బ పడిందంటే ఆ వెనకాలే ఉన్న తాళం మునిగిపోతుంది. టెర్మినల్‌లో నడిచే ఆల్సామిక్సర్‌లో ఎఫ్6తో కార్డు ఎంచుకుని, ఎఫ్5తో అన్నీ తెరిచి, దాని మీద ఎమ్ నొక్కితే ఆఫ్ అవుతుంది. లెవెల్ మాత్రం గొంతుతో కాదు, డోలును గట్టిగా కొట్టించి చూడాలి. అప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దాటకపోతే కథ రసపట్టున పడ్డాక కూడా శబ్దం పగలదు.

కాలర్ మైకు కొనేటప్పుడు పిన్ను చూసుకోండి. ఫోన్లకు చేసినదానికి మూడు నల్ల గీతలుంటాయి, డాంగిల్ మైకు సాకెట్‌కు రెండు గీతల పిన్ను కావాలి. మధ్యలో చిన్న కన్వర్టర్ పెడితే సరిపోతుంది.

రికార్డింగులో టిక్కు టిక్కుమని వస్తుంటే ముందు హబ్ తీసేయండి. యూఎస్‌బీ ఆడియోలో పాడైన ప్యాకెట్‌ను మళ్లీ పంపడం ఉండదు, పోయింది పోయినట్టే. హబ్ గానీ, పొడుగు కేబుల్ గానీ, క్యాబినెట్ ముందు పోర్టు గానీ కారణం కావచ్చు. మదర్‌బోర్డు వెనక పోర్టులో నేరుగా పెట్టడమే నయం.

రెండు పరికరాలతో ఒకేసారి రికార్డు చేసేటప్పుడు దేని గడియారం దానిదే. రెండింటి మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను జారుతుంది, డోలు దెబ్బ రెండుసార్లు పడినట్టు వినబడుతుంది. అందుకే కథ మొదలుపెట్టే ముందు తాళం ఒకసారి, అయిపోయాక ఇంకోసారి కొట్టిస్తాను. ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీలో మొదటి తాళాలు రెండూ కలిపి, చివరి తాళాలు కూడా కలిసేదాకా డోలు ట్రాక్ వేగం మారుస్తాను. గొంతు ట్రాక్‌ను ముట్టుకోను.