ఎర్రచేతుల గుహ దగ్గర ఒక బడిరోజు

ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమట, గ్లెన్‌బ్రూక్ వాగు మీద ఒక కాజ్‌వే (నీళ్లు పైనుంచి పొర్లే లోతట్టు దారి) ఉంది. గట్టి వాన పడితే మూసేస్తారు, ఇక అవతల ఉన్న రెడ్ హ్యాండ్స్ కేవ్‌కు, అంటే ఎర్రచేతుల గుహకు, బండి వెళ్లదు. అందుకే మూడు, నాలుగు తరగతుల పిల్లలతో సిడ్నీలోని పారమట్టా నుంచి బయల్దేరే ముందురోజు సాయంత్రమే నేషనల్ పార్క్ హెచ్చరికలు చూసుకున్నాం. ఆగస్టు నెలాఖరు. బ్లూ మౌంటెన్స్ దారిలో వాటిల్ చెట్లు పసుప్పచ్చగా విరగబూసి ఉన్నాయి. మన తుమ్మకు దగ్గరి చుట్టాలే.

ఈ నేల డారుగ్, గుండుంగుర్రా అనే ఆదివాసీ ప్రజలది. బస్సు దిగగానే పిల్లల చేత టీచర్ ‘అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ’, అంటే ఈ నేల వాళ్లదని గౌరవంగా ఒప్పుకునే మాటలు, చెప్పించారు. అది ఎవరైనా చెప్పొచ్చు. ‘వెల్‌కమ్ టు కంట్రీ’ అనే స్వాగతం మాత్రం ఆ నేలకు చెందినవాళ్లే పలకాలి. నేర్పడానికి వచ్చిన డారుగ్ పెద్దావిడను అందరూ ఆంటీ అన్నారు. పక్కింటావిడ దగ్గర్నుంచి కొట్లో ఆవిడ దాకా అందర్నీ ఆంటీ అనే మన పిల్లలకు తేడా తెలియలేదు గానీ, ఇక్కడ ఆ పిలుపు వాళ్ల సమాజంలో పెద్దరికం ఉన్నవాళ్లకే.

కార్‌పార్క్ నుంచి గుహకు నడక కొంచెమే. గుహ అంటే చీకటి బిలం కాదు, వాన తగలని ఇసుకరాతి గూడు. ముందు రక్షణగా అడ్డుతెర కట్టారు. దాని వెనక ఎరుపు, పసుపు, తెలుపు రంగుల్లో చేతులు. చాలావాటిలో చెయ్యి ఖాళీగా, చుట్టూ రంగు ఉంటుంది. రంగులో ముంచి అద్దితే పడేది అచ్చు. గోడకు చెయ్యి ఆనించి మీద రంగు ఊదితే మిగిలేది ఆ ఖాళీ. చెబితే అర్థంకాని ఈ తేడా, తర్వాత అదే పార్కులోని యూరోకా మైదానంలో చేసి చూసినప్పుడు రెండు నిమిషాల్లో తెలిసింది.

అక్కడ వాడిన ఓకర్ మనకు కొత్త కాదు, గడపలకు పూసే జాజు లాంటి ఇనుప మన్నే. పూర్వం నోటితో ఊదేవారు. పిల్లలకు స్ప్రే సీసాలిచ్చారు. పావు లీటరు నీళ్లకు రెండు చెంచాల పొడి కలిపి, పాత నైలాన్ సాక్సులో వడకట్టాలి. వడకట్టకుండా పోసిన మొదటి సీసా మూడో నొక్కుకే మూసుకుపోయింది. చెయ్యి కాగితానికి పూర్తిగా అతుక్కోవాలి, వేళ్ల మధ్య సందుండాలి. సీసా జానెడు దూరంలో, కాగితానికి నిటారుగా పట్టాలి. పక్కనుంచి ఏటవాలుగా కొడితే రంగు అరచేతి కిందికి పాకి బొమ్మలో వేళ్లు సన్నబడతాయి. దగ్గరగా కొడితే కారుతుంది. చెయ్యి జరపకుండా పైకి ఎత్తాలి. పది మందిలో ఏడుగురి బొమ్మలు చెడింది ఇక్కడే, ఆత్రంగా చెయ్యి లాగేసి.

బడుల్లో ఆబోరిజినల్ (ఆదివాసీ) కళ అనగానే చుక్కల బొమ్మలు వేయించడం, డిడ్జెరిడూ అనే పొడవాటి కర్రబూర ఊదించడం రివాజు. ఆ చుక్కల చిత్రాలు 1971లో పశ్చిమ ఎడారి ప్రాంతపు పాపున్యాలో మొదలైన కళారీతివి. డిడ్జెరిడూ ఉత్తరాది వాద్యం. రెండూ సిడ్నీ చుట్టుపక్కలవి కావు. స్థానికంగా ఉన్నదే నేర్పడం మాకు నచ్చింది.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది తాడు పేనడం. లోమాండ్రా అనే పొడవాటి గడ్డి ఆకులు ఆంటీ తన పెరట్లోంచి తెచ్చారు; పార్కులో ఆకు కోయకూడదు. ఆకు అంచు వేలు కోస్తుంది, అందుకే మొదలు నుంచి కొసకే నిమరాలి. గోటితో సన్నగా చీల్చి, ఒక పోగును మడవాలి, సరిగ్గా మధ్యలో కాదు, మూడోవంతు దగ్గర. మధ్యలో మడిస్తే రెండు కొసలూ ఒకేచోట అయిపోతాయి, రెండు అతుకులూ పక్కపక్కన పడి తాడు అక్కడే తెగుతుంది. పైపోగును మనకు అవతలి వైపుకు పురి తిప్పి, ఇవతలికి దాటించాలి. ఇప్పుడు పైకొచ్చిన రెండోదాన్నీ అలాగే. పురి ఒక దిక్కు, పేట ఎదురు దిక్కు: రెండూ ఒకదాన్నొకటి బిగిస్తాయి. రెండూ ఒకే దిక్కుకు తిప్పినవాళ్ల తాడు వదలగానే గిర్రున విప్పుకుంది. పురికొస చేత్తో పేనిన తాతలున్న ఇళ్ల పిల్లలు కూడా ఇదే తప్పు చేశారు! పోగు నాలుగు వేళ్ల పొడవు మిగిలి ఉండగానే కొత్తది పక్కన పెట్టి కలిపి పేనాలి. అరగంటకు చేతికి కట్టుకునేంత వచ్చింది.

చివరికి డాంపర్, నిప్పుల మీద కాల్చే రొట్టె. మూడు కప్పుల సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్ కలిపిన మైదా), చిటికెడు ఉప్పు, వేయించి నూరిన వాటిల్ గింజల పొడి ఒక పెద్ద చెంచా, కప్పున్నర లోపు నీళ్లు. గింజలు కిందటి వేసవివి. అన్ని వాటిల్ గింజలూ తినేవి కావు, కనుక పిల్లలు ఏరకూడదు. సన్నికల్లు లాంటి రాతి మీద నూరాలంటే గింజ సరిగ్గా వేగాలి. పిండి ఎక్కువ పిసికితే రొట్టె గట్టిపడుతుంది. రేకులో చుట్టి నిప్పుల మీద, మంట మీద కాదు, అరగంట ఉంచాలి. వేలితో కొడితే బోలుగా మోగాలి. టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పెట్టకూడదన్న నిషేధం) ఉన్న రోజైతే ఇది బడి ఓవెన్‌లోనే.

ఇంకొకటి: తెల్ల చొక్కాలతో పంపకండి. ఓకర్ మరక ఎంత ఉతికినా పోదు.