రెండు డిపార్ట్‌మెంట్లు, ఒకే డిగ్రీ: పాలిటిక్స్, ఫిలాసఫీ కలిపి చదివిన నా అనుభవం

పాలిటిక్స్, ఫిలాసఫీ కలిపి డిగ్రీ చేస్తున్నానని చెప్పినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ రెంటికీ సంబంధం ఏమిటి? చేరాక తెలిసే విషయం ఏమిటంటే, ఆ సంబంధాన్ని ఎవరూ పాఠంగా చెప్పరు. పాలిటిక్స్ డిపార్ట్‌మెంట్ తన పేపర్లు తను చెప్పుకుపోతుంది, ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ తనవి తను చెప్పుకుపోతుంది. కలుపుకోవాల్సింది మనమే. ఈ కోర్సులో చేరబోయేవాళ్లకు పనికొస్తుందని, నాకు ఆ రెండూ ఎక్కడ కలిశాయో రాస్తున్నాను.

మొదటి సంవత్సరం రెండు వైపులా పునాది పేపర్లే. ఫిలాసఫీలో లాజిక్, నీతిశాస్త్రం. పాలిటిక్స్‌లో రాజ్యాంగాలు, పార్టీలు, ఎన్నికల పద్ధతులు. రాజకీయాల మీద ఇష్టంతో వచ్చినవాళ్లలో చాలామంది లాజిక్ దగ్గర బెదిరిపోతారు. గుర్తులు, ట్రూత్ టేబుళ్లు చూసి లెక్కల క్లాసులోకి వచ్చామా అనుకుంటారు. ఆ పేపర్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఒక వాదనలో ఏ మెట్టు బలహీనంగా ఉందో వేలు పెట్టి చూపించే అలవాటు అక్కడే వస్తుంది. ఆ తర్వాత పార్టీ మేనిఫెస్టో చదివినా, కోర్టు తీర్పు చదివినా కళ్లు ముందుగా ఆ మెట్టునే వెతుకుతాయి.

అసలు కష్టం రాయడంలో ఉంది. ఫిలాసఫీ వ్యాసంలో ఒకే ఒక్క వాదన తీసుకుని దాని లోతు చూడాలి. దిద్ది ఇచ్చిన కాగితం మార్జిన్‌లో ‘ఇది పై వాక్యం నుంచి ఎలా వస్తుంది?’ అని ఉంటుంది. పాలిటిక్స్ వ్యాసం మార్జిన్‌లో ‘ఏ దేశంలో? ఏ ఎన్నికల్లో? ఆధారం ఏది?’ అని ఉంటుంది. ఒకచోట మెచ్చుకున్న పద్ధతికి ఇంకోచోట మార్కులు తగ్గుతాయి. ఇది అన్యాయం అనిపిస్తుంది గానీ, కొన్నాళ్లకు ఏ వ్యాసం రాసినా ఆ రెండు ప్రశ్నలూ మనమే వేసుకోవడం మొదలుపెడతాం. ఈ డిగ్రీ నాకిచ్చిన వాటిలో దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంగ్లండ్ తత్వవేత్త హాబ్స్ రాసిన ‘లెవయతన్’ని రెండు చోట్లా చదవాల్సి వచ్చింది. ఫిలాసఫీ క్లాసులో ప్రభుత్వమే లేని స్థితిని ఊహించుకుని, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ తిరుగులేని పాలకుడి అవసరం దాకా వెళ్లాం. పాలిటిక్స్ క్లాసులో అదే రచనకు కాలం, స్థలం వచ్చాయి: 1642లో మొదలైన ఇంగ్లండ్ అంతర్యుద్ధం, అంతకు ముందే 1640లో హాబ్స్ పారిస్‌కు వెళ్లిపోవడం, 1651లో పుస్తకం అచ్చవడం. రక్తపాతం చూసిన తరం భయం ఆ వాదనలో ఉందని ఒకరంటే, భయం నుంచి పుట్టినంత మాత్రాన వాదన తప్పైపోదని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. దేన్ని దేనికి జవాబుగా వాడకూడదో తెలుసుకోవడానికి నాకు చాలా సమయం పట్టింది.

రెండు సబ్జెక్టులూ నాకు నిజంగా కలిసింది ఓట్ల లెక్కింపు దగ్గర. ఫిలాసఫీలో తత్వవేత్త రూసో పాఠం నడుస్తోంది. 1762లో ఆయన రాసిన ప్రకారం చట్టానికి ఆధారం సమష్టి సంకల్పం, అంటే అందరి మేలు కోరే ఉమ్మడి సంకల్పం. విడివిడి కోరికలను కూడితే వచ్చేది అది కాదని కూడా ఆయనే అంటాడు. అదే సమయంలో పాలిటిక్స్‌లో ఎన్నికల పద్ధతులు. బ్రిటన్‌లో 2015 ఎన్నికల్లో ఒక పార్టీకి 12.6 శాతం ఓట్లొచ్చి ఒక్కటే సీటు దక్కింది. మరి ప్రజల సంకల్పం ఎక్కడున్నట్టు? ఓట్లలోనా, సీట్లలోనా?

దీనికంటే లోతైన చిక్కును 1785లోనే ఫ్రెంచ్ గణితవేత్త కొండోర్సే బయటపెట్టాడు. కాగితం తీసుకుని వేసి చూడండి. ముగ్గురు ఓటర్లు, క, చ, ట అని మూడు ప్రతిపాదనలు. మొదటివారి ఇష్టాల వరుస క, చ, ట. రెండోవారిది చ, ట, క. మూడోవారిది ట, క, చ. ఇప్పుడు రెండేసి చొప్పున పోటీ పెడదాం. క, చ తలపడితే ఇద్దరు క వైపు ఉన్నారు. చ, ట తలపడితే ఇద్దరు చ వైపు. అలాంటప్పుడు ట మీద క తేలిగ్గా గెలవాలి కదా? గెలవదు. రెండోవారు, మూడోవారు ట వైపే ఉన్నారు. ముగ్గురిలో ఎవరి ఆలోచనలోనూ గందరగోళం లేదు, కానీ ముగ్గురినీ కలిపితే జవాబు గిర్రున తిరుగుతోంది. ప్రతిపాదనలు మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే, మనం సమంజసం అనుకునే కొన్ని షరతులన్నిటినీ ఒకేసారి నెరవేరుస్తూ ఓటర్ల ఇష్టాల వరుసలను కలిపే పద్ధతి ఏదీ ఉండదని 1951లో ఆర్థికవేత్త కెనెత్ యారో నిరూపించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ‘ప్రజలు తీర్పిచ్చారు’ అని రోజూ వినే మాట కింద ఇంత లోతు ఉందని అప్పుడే తెలిసింది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు అక్కడి నుంచే అంశం తీసుకున్నాను: ఓటేసేటప్పుడు మనం మన కోరిక చెబుతున్నామా, అందరికీ ఏది మంచిదో తీర్పు చెబుతున్నామా? తీర్పే అనుకుంటే కొండోర్సేదే ఇంకో ఫలితం ఆశ కలిగిస్తుంది. ఒక్కొక్కరు సరిగ్గా తేల్చే అవకాశం 60 శాతం అనుకోండి. ముగ్గురి మెజారిటీ సరైనదయ్యే అవకాశం 64.8 శాతానికి పెరుగుతుంది. జనం పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అదే ఒక్కొక్కరి అవకాశం 40 శాతమైతే ముగ్గురి మెజారిటీది 35.2కి పడిపోతుంది. ఇదంతా నిలబడాలంటే ఎవరికి వారు స్వతంత్రంగా ఆలోచించాలి. అందరూ ఒకే వార్తా ఛానెల్ చూసి ఓటేస్తే ఆ లెక్క చెల్లదు. ఈ షరతును రాసిచ్చేది ఫిలాసఫీ. అది నిజ జీవితంలో ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే మాత్రం మీడియా, పార్టీలు, ప్రచారం గురించి పాలిటిక్స్ చెప్పేది చదవక తప్పదు.

ఇక డెడ్‌లైన్ల సంగతి. రెండు డిపార్ట్‌మెంట్లూ ఒకదాన్నొకటి అడగకుండా తేదీలు పెట్టేసేవి. ప్రతి టర్మ్ చివరా అన్నీ ఒకే వారంలో వచ్చిపడి విపరీతమైన టెన్షన్. టర్మ్ మొదట్లోనే అన్ని తేదీలూ ఒక కాగితం మీద రాసుకుని, మరీ దగ్గరగా ఉన్నవాటికి గడువు ముందే అడగాలి. చివర్లో అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఆప్షనల్ పేపర్లు ఎంచుకునేటప్పుడు ఒకవైపు తీసుకున్నదానికి రెండోవైపు జోడీ ఉందేమో చూడండి. న్యాయం గురించిన పేపర్‌తో పాటు సంక్షేమ విధానాల పేపర్, యుద్ధనీతితో పాటు అంతర్జాతీయ సంబంధాలు, ఇలాగన్నమాట. ప్రాజెక్టుకు వీలైతే రెండు వైపుల నుంచీ ఒక్కో గైడ్‌ని అడగండి. నా ఇద్దరు గైడ్లకూ ఒక చాప్టర్ మీద చివరిదాకా ఏకాభిప్రాయం కుదరలేదు. స్వతంత్రత అనే షరతును ఇంకా కచ్చితంగా చెప్పమని ఒకరు, ఓటర్ల సర్వేలు చూడకుండా ఆ మాటే ఎత్తొద్దని ఇంకొకరు. ఆ చాప్టర్‌ని ఇద్దరి కోసం తిరిగి తిరిగి రాశాను. ఈ డిగ్రీ అంతటిలో నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.