గోలీల సాక్ష్యం

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక వరుస స్థిరపడిపోయింది. ముందు జబ్బు ఎంత ముదిరిందో చెప్పాలి, తరువాత డాక్టర్లు చేతులెత్తేశారని చెప్పాలి, ఆపైన ఒక దైవజనుడు తల మీద చేయి ఉంచి ప్రార్థించాడని, మరునాటికి రిపోర్టులు మారిపోయాయని చెప్పి, ఆయన నామానికే మహిమ అని ముగిస్తే సంఘమంతా ఆమెన్ అంటుంది. డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్ నైట్ సర్వీసుల్లో అమ్మ ఒడిలో తూగుతూ ఇలాంటి సాక్ష్యాలు వింటూ పెరిగినదాన్ని నేను. తీరా నా వంతు వచ్చేసరికి ఆ వరుసలో ఒక్క మెట్టు కూడా నా కథకు సరిపడలేదు. నా డాక్టరు చేతులెత్తలేదు, రెండో రోజే జబ్బు పేరు చెప్పి చీటీ రాసిచ్చారు. నా రిపోర్టులు మారడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో నేను ఐదు వందల పైచిలుకు గోలీలు మింగాను.

మాది మెదక్. 2024 డిసెంబరు 25 నాటికి మా పెద్ద చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని ఊరంతా ఏడాది ముందు నుంచే ఎదురుచూసింది. కరవు రోజుల్లో మిషనరీగా వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఊరికే గింజలు పంచకుండా పని చూపించి అన్నం పెట్టాడనీ, అలా 1914లో మొదలైన గుడి పదేళ్లకు పూర్తయిందనీ మా ఇళ్లలో పిల్లలకు కథలాగా చెబుతారు. నాయనమ్మ వాళ్ల తాత అందులో రాళ్లు మోశాడట. నూట డెబ్బై ఐదు అడుగుల ఆ గోపురంలో తన తాత మోసిన రాయి ఏదో తనకు తెలుసన్నట్టే నాయనమ్మ దానివైపు చూస్తుంది. నూరేళ్ల పండుగ కోసం మా గాయక బృందం ఆగస్టు నుంచే సాధన మొదలుపెట్టింది. నేను ఆల్టో, అంటే ఆడవాళ్ల గొంతుల్లో కింది స్వరం, పాడతాను. పగలు ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పడం, సాయంత్రం సాధనకు వెళ్లడం, ఇదీ అప్పటి నా బతుకు.

నవంబరు రెండో వారంలో కుడి డొక్కలో నొప్పి మొదలైంది. గట్టిగా ఊపిరి తీస్తే సూదితో గుచ్చినట్టుండేది. పాటలో దీర్ఘం వచ్చిన చోట నేను సగంలోనే ఆగిపోవడం చూసి పక్కన నిలబడ్డ అక్క, అన్నం సరిగ్గా తినడం లేదా అని అడిగింది. రోజూ సాయంత్రం నాలుగు దాటాక ఒంట్లో వెచ్చగా ఉండేది, తెల్లవారేసరికి దిండు తడిసిపోయేది. దగ్గరలోని ఒక క్లినిక్కులో మూడు వారాలపాటు మందులు మార్చి మార్చి ఇచ్చారే తప్ప ఒక్క ఎక్స్‌రే కూడా తీయించలేదు. చలికాలం జ్వరమని వారన్నారు, నేనూ నమ్మాను. నిజం చెప్పాలంటే, నమ్మడమే నాకు వీలుగా ఉండింది, ఎందుకంటే క్యారల్స్ మొదలయ్యే రోజులు దగ్గరపడ్డాయి. డిసెంబరు ఒకటిన ఇంటి మీద నక్షత్రం కట్టడానికి నిచ్చెన ఎక్కి, మూడో మెట్టు మీద ఆయాసంతో కూర్చుండిపోయాను. నాన్న నక్షత్రం సంగతి వదిలేసి నన్ను దింపాడు.

హైదరాబాదులో తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగు సగం తెల్లగా కనిపించింది. నన్ను బల్ల మీదికి ముందుకు వాలి కూర్చోమని, వీపు వైపు పక్కటెముకల మధ్య నుంచి సూది దించి నీరు తీశారు. ఆముదం రంగులో ఉన్న ఆ నీరు సీసాలోకి దిగుతుంటే, ఇంత బరువు మోస్తూ నేను ఆల్టో పాడానా అనిపించింది. ఎనిమిది వందల మిల్లీలీటర్లు తీసి ఆపారు. ఆ నీటిలో ఏడీఏ అనే ఎంజైము ఎక్కువగా ఉందనీ, ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరకు క్షయ సోకిందనీ మరునాడు డాక్టరమ్మ చెప్పారు. కళ్లెలో క్రిములు లేవు గనుక నా వల్ల ఇతరులకు అంటుకునే భయం దాదాపు లేదని కూడా చెప్పారు. అమ్మకు ఆ రెండో మాట వినిపించనే లేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో నా చెవి దగ్గర, 'అందరికీ నిమోనియా అని చెబుదాం' అంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఆ నెలలోనే ఒక సంబంధం వారు ఫోటో అడిగి ఉన్నారు.

డిసెంబరు 12 నుంచి మందులు మొదలయ్యాయి. నా బరువు నలభై రెండు కిలోలు గనుక రోజుకు మూడు గోలీలు. ఒక్కొక్క దానిలో నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. పరగడుపున మూడూ ఒకేసారి వేసుకోవాలి. ఇటుక రంగులో, చింతగింజకంటే పెద్దవిగా ఉంటాయి. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వచ్చేసరికి రక్తమనుకుని స్నానాల గదిలోనే కూలబడ్డాను. మందు వల్ల అలా వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పారు, కానీ చెప్పింది వేరు, చూసింది వేరు. వికారం, నోట్లో ఇనుప రుచి, మోకాళ్లలో సలుపు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇంట్లో అమ్మ గులాబీ పువ్వులనే పిండివంట వండుతుంటే ఆ నూనె వాసనకే నాకు కడుపులో తిప్పేది.

ఆ వారంలోనే మా మేనత్త వచ్చింది. ఆమె చాలాకాలంగా వేరే ఒక ప్రార్థన కూటానికి వెళుతోంది. నిమోనియా అని చెప్పినా ఆమె ఒక్క చూపులో నిజం పసిగట్టింది. అక్కడి పాస్టరుతో ఫోన్‌లో మాట్లాడించింది. నీలో విశ్వాసం ఉంటే గోలీలెందుకు, గోలీలు ఉన్నాయంటే విశ్వాసం సగమే కదా, అని ఆయన చాలా మృదువుగా అడిగారు. కసిరి ఉంటే నేనే ఎదురు చెప్పేదాన్నేమో. డిసెంబరు 20 నుంచి 23 వరకు నాలుగు రోజులు నేను గోలీలు వేసుకోలేదు. రోజూ మూడేసి చొప్పున వాటిని ఖాళీ కేకు డబ్బాలో వేసి, పైన కాగితం కప్పి పెట్టాను. దీన్ని విశ్వాసమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అందులో వికారం ఒక పాలు, సిగ్గు ఒక పాలు. పండుగకల్లా బాగైపోతే ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదన్న ఆశ మిగిలిన రెండు పాళ్లు.

డబ్బా నాయనమ్మకు దొరికింది. ఆమె అరవలేదు. తన తమ్ముడి సంగతి అప్పుడే మొదటిసారి చెప్పింది. ఆయనను అనంతగిరి కొండల మీద క్షయ రోగుల ఆసుపత్రిలో చేర్చారట. కాస్త ఒళ్లు చేసి, దగ్గు తగ్గి ఇంటికి వచ్చాక, ఇక బాగానే ఉన్నాను కదా అని మందులు మానేశాడట. రెండోసారి జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ మందులు పని చేయలేదు. నాయనమ్మ నా అరచేతిలో మూడు గోలీలు పెట్టి, 'ప్రార్థన బంజేయమన్ననా బిడ్డా? గోలీలు బంజేయమన్నది ఎవరు?' అని అడిగి, నేను మింగి నోరు తెరిచి చూపించేదాకా కదలలేదు. నాలుగు రోజులు మానేసిన సంగతి ఫోన్‌లో చెబితే డాక్టరమ్మ చాలాసేపు మౌనంగా ఉండి, ఆ నాలుగు రోజులూ చివర్లో కలుపుకోవాలని, మళ్లీ ఇలా చేస్తే క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయని చెప్పారు. అంతకంటే గట్టి తిట్టు నాకు తెలియదు.

నూరేళ్ల క్రిస్మస్‌కు నేను చర్చికి వెళ్లలేదు. ఆ రద్దీలో నిలబడే సత్తువ లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి ఆరాధన మొదలవుతుంది. రెండు మూడు రాష్ట్రాల నుంచి వచ్చిన జనం అంతకు ముందు రాత్రి నుంచే చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని ఉంటారు. మా ఇంటికి గంటలు వినబడతాయి, గాలి ఇటు తిరిగితే మైకు కూడా. పెరటి మెట్ల మీద శాలువా కప్పుకుని కూర్చుని విన్నాను. మా బృందం పాట అందుకున్నప్పుడు, ఆల్టో మొదలవ్వాల్సిన చోట నా పెదవులు వాటంతటవే కదిలాయి కానీ, రెండో పాదానికి ఊపిరి అందక దగ్గు వచ్చింది. ఆ వేళకు లోపల రంగుటద్దాల కిటికీలు నల్లగా ఉంటాయి. క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం చిత్రించిన ఆ మూడింటికీ పగటి వెలుతురు తగిలితేనే రంగు వస్తుంది, రాత్రి ఎన్ని దీపాలు పెట్టినా లోపలివారికి బొమ్మ కనిపించదు. ఆరాధన సాగుతుండగా తెల్లవారే కొద్దీ పసిబాలుడి బొమ్మ నలుపులో నుంచి బయటికి రావడం చూడడానికే నేను ప్రతి ఏడూ ఒకే చోట నిలబడేదాన్ని. ఆ ఉదయం కళ్లు తుడుచుకున్న తెల్ల రుమాలు మీద లేత నారింజ మరక పడింది. ఆ మందు కన్నీటికి కూడా రంగు వేస్తుంది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో బైబిలు చదవడానికి తీరిక దొరికింది. చదివిందే మళ్లీ చదువుతుంటే, ఎన్నోసార్లు విని కూడా పట్టించుకోని ఒక సంగతి కంటపడింది. యెషయా గ్రంథంలో హిజ్కియా రాజు చావు దాకా వెళ్లి, కన్నీళ్లతో ప్రార్థిస్తే ఆయనకు పదిహేనేళ్ల ఆయుష్షు కలిసింది. ఆ మాట ఎందరో సాక్ష్యాల్లో వాడారు. అదే అధ్యాయం చివర, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టండని చెప్పింది కూడా ఆ ప్రవక్తే. ఆ ముద్దను ఏ సాక్ష్యంలోనూ నేను వినలేదు. పశువుల తొట్టి, గొల్లలు, సత్రంలో చోటు లేకపోవడం, మనం ఏటా పిల్లలతో నాటకం వేయించే క్రిస్మస్ కథలో ఎక్కువ భాగం లూకా సువార్తలోనిది. ఆ లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. ఈ రెండూ చెబితే మా మేనత్త, 'నీకు చదువు ఎక్కువైంది' అంది. ఆమె మాట పూర్తిగా అబద్ధం కాదు గాని, ఆమె రోజూ ఫోన్ చేసి నా కోసం ఏడుస్తూ ప్రార్థించిందన్నది కూడా నిజం. ఆ ప్రార్థనలు నాకు బలమే ఇచ్చాయి.

రెండు నెలలయ్యాక పైరజినమైడ్ ఆపి, తక్కిన మూడు మందులతో నాలుగు నెలలు కొనసాగించారు. మోకాళ్ల సలుపు తగ్గింది. ప్రభుత్వం పోషణ కోసం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు ఐదు వందలు కాస్తా వెయ్యి రూపాయలైంది. ఆ డబ్బుతో అమ్మ కోడిగుడ్లు, పల్లీలు కొనేది. ఊపిరి కోసం మూడు గదుల్లో మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చితే బంతులు లేవాలి. మార్చి దాకా ఒక్క బంతే లేచింది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి రెండు లేచాయి. మూడోది జూన్‌లో, మందులు ముగిసే వారంలో పైదాకా లేచి, ఒక్క క్షణం వణికి పడిపోయింది. బరువు నలభై ఎనిమిదికి వచ్చింది. ఊపిరితిత్తి పొర అడుగున కాస్త మందంగా మిగిలిందని ఆఖరి ఎక్స్‌రే చెప్పింది. దీర్ఘాలు ఇప్పటికీ పూర్తిగా అందవు. బృందంలో పక్కనున్న అక్క ఊపిరి తీసుకునే చోట కాకుండా వేరే చోట నేను తీసుకుంటాను, అలా ఇద్దరం కలిసి వినేవాళ్లకు తెలియకుండా నెట్టుకొస్తున్నాం.

2025 డిసెంబరు చివరి వారంలో మా చర్చి పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి, వాచ్ నైట్‌లో సాక్ష్యం చెప్పమన్నారు. 'నిమోనియా నుంచి దేవుడు లేపిన సంగతి చెప్పమ్మా' అన్నారు. అమ్మ నా వైపు చూసింది. ఆ ఫోటో అడిగిన సంబంధం వారు ఎప్పుడో వేరే చోట కుదుర్చుకున్నారు, కానీ సంబంధాలు అంతటితో ఆగిపోవు కదా. 'అయ్యగారూ, అది నిమోనియా కాదు' అన్నాను. ఆయన కాసేపు టీ కప్పును సాసరులో తిప్పుతూ కూర్చుని, 'నీకు జరిగిందే చెప్పు' అన్నారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆమె భయాన్ని నేను తీసిపారేయలేను.

31 రాత్రి పదకొండు గంటలకు నా పేరు పిలిచారు. టీబీ అని చెప్పాను. నాలుగు రోజులు గోలీలు దాచిన కేకు డబ్బా గురించీ, నాయనమ్మ గురించీ, నీరు తీసిన సూది గురించీ చెప్పాను. ప్రార్థించినవారందరికీ, మందు రాసిన డాక్టరమ్మకు, నెలనెలా మందు తెచ్చి ఇచ్చిన ఆశా కార్యకర్తకు కలిపే దేవునికి స్తోత్రం చెప్పాను. ఎప్పుడు ఆమెన్ అనాలో సంఘానికి తెలియలేదు. కాసేపటికి వెనక వరుస నుంచి నాయనమ్మ గొంతు ఒక్కటే వినిపించింది. ఆ తరువాత అందరూ అందుకున్నారు.

పన్నెండు దాటి, కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు కార్డులు పంచడమయ్యాక, చెప్పులు వేసుకుంటుంటే నాకు ముఖ పరిచయం మాత్రమే ఉన్న ఒకామె స్తంభం పక్కన నిలబడి కనిపించింది. జనం పలచబడేదాకా ఆగి దగ్గరికి వచ్చింది.

'బిడ్డా, ఆ గోలీలు ఏసుకుంటే ఒంటికి పోతే ఎర్రగ వస్తదా?'

'వస్తది అమ్మా. మందు రంగే అది, భయపడకు. ఎవరికి?'

'మా పిలగానికి. నలభై దినాలైంది. రక్తం పోతుందని మొన్నటి సంది బంజేసిండు.'

ఎన్ని రోజులైంది మానేసి అని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి ఐదు అంది. పొద్దున్నే పరగడుపున అతనితో వేయించమనీ, తెల్లారాక నేనే ఇంటికి వస్తాననీ చెప్పి, వాళ్లది ఏ గల్లీయో అడిగి తెలుసుకున్నాను.